కారు మీద స్టిక్కర్ పీకే ముందు ఒక్క నిమిషం... ఆ పెయింట్ ఎవరు వేసిందో చూశారా?

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ చాలా చిన్నది. కారు మీద అంటించిన స్టిక్కర్‌ని పెయింట్ పాడవకుండా ఎలా తీయాలి. ఇదేం పెద్ద విషయం, గోరుతో గీకితే రాదా అనుకుంటాం. వస్తుంది. స్టిక్కర్‌తో పాటు ఇంకేం ఊడి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర కారు కొన్న వారం లోపు దాని మీద ఏదో ఒకటి పడాల్సిందే కదా. బానెట్ మీద నామాలు, డిక్కీ మీద అభిమాన హీరో పేరు, దాని కింద "డాడీస్ గిఫ్ట్". ఎన్నికలొస్తే పార్టీ గుర్తు. క్యాబ్ అయితే రెండు వైపులా డోర్ల మీద కంపెనీ పేరు, వెనక బంపర్ మీద ఫోన్ నంబర్. అంటించడానికి రెండు నిమిషాలు. నాలుగేళ్ళ తర్వాత బండి అమ్ముదాం అనుకున్న రోజు తెలుస్తుంది అసలు సంగతి.

ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వచ్చినవాళ్ళు ఇంజిన్ కన్నా ముందు చూసేది బాడీనే. డోర్ మీద స్టిక్కర్ గీకిన గీతలు కనిపిస్తే రేటు తగ్గిస్తారు. పోనీ ఆ డోర్ ఒక్కటి మళ్ళీ పెయింట్ వేయించి చూపిస్తే ఇంకా ప్రమాదం. "ఈ ఒక్క డోర్‌కే పెయింట్ ఎందుకు పడింది, బండి గుద్దేశారా?" అని అడుగుతారు. ఏ యాక్సిడెంటూ కాని బండికి యాక్సిడెంట్ బండి అనే పేరొస్తుంది. అందుకే స్టిక్కర్ తీయడం చిన్న పనే అయినా దాన్ని పాడు చేసుకుంటే ఖర్చు రెండు సార్లు పడుతుంది.

ముందు పెయింట్ అంటే ఏంటో చూద్దాం. ఫ్యాక్టరీలో బాడీ మీద వేసేది ఒక్క పూత కాదు. రేకు తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన మనం రంగు అని పిలిచే బేస్ కోట్, అన్నిటికన్నా పైన గాజులాగా రంగు లేకుండా ఉండే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపితే చాలా కార్లలో సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. జిరాక్స్ షాపులో వాడే ఏ4 పేపర్ ఒక్కటి సుమారు 100 మైక్రాన్ల మందం ఉంటుంది. అంటే మీ కారు మీద ఉన్న పెయింట్ మొత్తం ఒకటి, ఒకటిన్నర పేపర్ల మందం. అందులో పైన ఉన్న క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ఎండని ఆపేది, మెరుపు ఇచ్చేది అదే. మన స్టిక్కర్ అంటుకుని కూర్చున్నది కూడా దాని మీదే. కొన్ని బడ్జెట్ మోడళ్ళలో, ముఖ్యంగా ప్లెయిన్ వైట్ లాంటి రంగుల్లో, విడిగా క్లియర్ కోట్ ఉండదు కూడా. పాత బండి అయితే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక స్టిక్కర్. దానిలో రెండు భాగాలున్నాయి. పైన వినైల్ ఫిల్మ్, కింద గమ్. ఈ రెండూ ఎండకి ఒకేలా పాడవ్వవు. ఫిల్మ్ కొత్తలో రబ్బరులా సాగుతుంది. ఎందుకంటే దాన్ని మెత్తగా ఉంచే పదార్థాలు అందులో కలిపి ఉంటాయి. మన ఎండకి అవి నెమ్మదిగా వెళ్ళిపోతాయి, ఫిల్మ్ అప్పడంలా తయారవుతుంది. పట్టుకుంటే ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. గమ్ ఏమో రోజులు గడిచే కొద్దీ పెయింట్‌లోని సన్నటి ఎగుడుదిగుడుల్లోకి దిగి పట్టు పెంచుకుంటుంది. అందుకే ఆరు నెలల స్టిక్కర్ ఒకే షీట్‌లా వచ్చేస్తుంది, ఐదేళ్ళ స్టిక్కర్ ప్రాణం తీస్తుంది.

చాలా మంది ఈ రెండింటినీ ఒకే పని అనుకుని ఒకేసారి గీకేస్తారు. అవి రెండు పనులు. ఫిల్మ్‌కి కావలసింది వేడి, గమ్‌కి కావలసింది నానడం. ఫిల్మ్‌కి ఎండ, గమ్‌కి నీడ. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కానీ ఈ రెండింటికన్నా ముందు చూసుకోవలసింది ఒకటుంది. స్టిక్కర్ ఉన్న చోట కంపెనీ పెయింటా, బయట వేయించిన పెయింటా?

తేడా ఎక్కడొస్తుందంటే, ఫ్యాక్టరీలో మెటల్ బాడీ మీద పెయింట్‌ని సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. అది గట్టిపడి రేకుని పట్టేసుకుంటుంది. అదే మన డెంటింగ్ పెయింటింగ్ షాపులో ఆ వేడి పెట్టలేరు. పెట్టారంటే బండిలోని వైర్లు, ప్లాస్టిక్, సీట్లు అన్నీ పోతాయి. మంచి షాపు అయితే పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. రోడ్డు పక్క షాపు అయితే గాలికి ఆరాల్సిందే. కింద లప్పం పెట్టి సరిగ్గా రుద్దకుండా పైన రంగు కొట్టి ఉంటే, ఆ పెయింట్‌కి కిందున్న దాని మీద పట్టే ఉండదు. అలాంటి చోట స్టిక్కర్ గుంజితే గమ్ పట్టు గెలుస్తుంది, పెయింట్ ఓడిపోతుంది. స్టిక్కర్ వెనకాల రంగు పొరలా ఊడి వచ్చేస్తుంది.

ఎలా కనిపెట్టాలి? పగటి వెలుతురులో బండి పక్కన కూర్చుని ఆ ప్యానెల్‌ని ఏటవాలుగా చూడండి. పక్క ప్యానెల్‌తో పోలిస్తే ఉపరితలం నారింజ తొక్కలా ఎక్కువ గరుకుగా ఉందా? అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపరలున్నాయా? డోర్ తెరిచి లోపలి అంచున వేలు పెట్టి చూస్తే టేప్ వేసి ఆపిన గీత తగులుతోందా? వీటిలో ఏది ఉన్నా అది రీపెయింటే అనుకోండి. పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే ఇంకా సులువు. 100, 120 దగ్గర ఉండాల్సిన అంకె 250, 300 చూపిస్తే ఎవరో మళ్ళీ రంగు కొట్టారన్నమాట. కాకపోతే మామూలు గేజ్ లోహం మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు.

ఈ విషయం ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా బాబాయ్ ఐదేళ్ళు వైజాగ్‌లో క్యాబ్ నడిపారు. తెల్ల సెడాన్. ఈ మధ్య అది అమ్మేసి ఆ డబ్బుతో ఊళ్ళో షాపు పెట్టుకుందాం అనుకున్నారు. అంటే ఆ బండి మీద వచ్చే ప్రతి రూపాయీ లెక్కే. రెండు డోర్ల మీద కంపెనీ స్టిక్కర్, వెనక బంపర్ మీద ఇంకోటి. వీధి చివర పెయింటర్ "థిన్నర్ పెట్టి తుడిస్తే పది నిమిషాల పని సార్" అన్నాడు. బాబాయ్ సరే అనేలోపు నేను ఆపాను. రెండేళ్ళ కింద వెనక నుంచి ఆటో తగిలి ఆ బంపర్‌కి బయట పెయింట్ వేయించారని నాకు తెలుసు. థిన్నర్ అనేది పెయింట్‌ని కరిగించడానికి తయారుచేసిన ద్రవం అండి. దానికి గమ్ ఏదో, పెయింట్ ఏదో తేడా తెలియదు. కాల్చి గట్టిపడిన కంపెనీ పెయింట్ దాన్ని కాసేపు తట్టుకుంటుందేమో గానీ, గాలికి ఆరిన బంపర్ పెయింట్ మెత్తబడిపోతుంది. గోళ్ళ రంగు తీసే అసిటోన్ కూడా ఇదే బాపతు.

సరే, ఇప్పుడు పని మొదలుపెడదాం.

ముందు ఆ భాగాన్ని కారు షాంపూతోనో పలచటి సబ్బు నీళ్ళతోనో శుభ్రంగా కడగండి. ఇది ఎందుకో చాలా మంది వదిలేస్తారు. మన రోడ్ల దుమ్ములో ఉండేది సన్నటి ఇసుక. ఇసుక క్లియర్ కోట్ కన్నా గట్టిది. ఆ దుమ్ము మీదే గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. తర్వాత "స్టిక్కర్ తీస్తే గీతలు పడ్డాయి" అంటారు. ఆ గీతలు స్టిక్కర్ వల్ల పడినవి కావు.

తర్వాత వేడి. ఇంట్లో ఉండే హెయిర్ డ్రయ్యర్ చాలు. ఒక జానెడు దూరంలో పట్టుకుని ఒకే చోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ నిమిషం, నిమిషంన్నర పెట్టండి. ఎంత వేడి అంటే, పక్కనే చెయ్యి ఆనిస్తే వేడిగా తగలాలి, కానీ వెంటనే చెయ్యి తీసేసేంత కాకూడదు. హీట్ గన్ వాడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చాలా హీట్ గన్‌లు 500 డిగ్రీల దాకా వెళ్తాయి. షాపువాళ్ళకి చెయ్యి అలవాటు ఉంటుంది, మనకి ఉండదు. పది సెకన్లు ఒకే చోట నిలిపితే పెయింట్ పొంగుతుంది, ప్లాస్టిక్ బంపర్ అయితే వంకర పోతుంది. పెయింట్‌కి అన్‌డూ బటన్ లేదు. డ్రయ్యర్ కూడా లేకపోతే బండిని ఎండలో పెట్టండి. మన ఎండాకాలం మధ్యాహ్నం అరగంట చాలు, ఖర్చు కూడా లేదు. ఎండ లేని రోజు అయితే వేడి నీళ్ళలో ముంచి పిండిన టవల్ స్టిక్కర్ మీద పరిచి ఉంచినా పనిచేస్తుంది.

ఒక మూల గోరుతో లేపండి. గోరు నొప్పి పుడితే పాత డెబిట్ కార్డు లాంటి ప్లాస్టిక్ కార్డు. బ్లేడు, కత్తి, స్క్రూడ్రైవర్ పెయింట్ దగ్గరికి తేవద్దు. మూల లేచాక నిటారుగా మీ వైపు గుంజకండి. లాగే బలం అంతా పెయింట్‌ని పైకి లేపుతుంది. దుప్పటి మడిచినట్టు స్టిక్కర్‌ని దాని మీదకే వెనక్కి మడుస్తూ, బాడీకి దగ్గరగా, నిదానంగా లాగండి. ఎక్కడైనా బిగుసుకుంటే అక్కడ ఆపి మళ్ళీ వేడి పెట్టండి. బిగుసుకున్నప్పుడు బలం పెంచడం మన సహజ గుణం. అదే ఇక్కడ పనికిరాదు.

ఫిల్మ్ అప్పడంలా విరిగిపోతుంటే మాత్రం ఓపిక పట్టాల్సిందే. బాబాయ్ బండి కుడి వైపు డోర్ అలాగే ఉంది. రోజూ స్టాండ్‌లో ఆ వైపే ఎండ పడేదట. ఎడమ డోర్ స్టిక్కర్ పావుగంటలో వచ్చేసింది. కుడి వైపుది బియ్యపు గింజంత ముక్కలుగా తీయాల్సి వచ్చింది. "ఒరేయ్, పది నిమిషాల పనికి ఆదివారం అంతా తినేశావు కదరా" అని బాబాయ్ ఒకటే గోల. డ్రిల్‌కి తగిలించే రబ్బరు చక్రం ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెన్సిల్ రబ్బరులా ఫిల్మ్‌ని, గమ్‌ని కలిపి తుడిచేస్తుంది. మెటల్ మీద కంపెనీ పెయింట్ ఉంటే తక్కువ స్పీడ్‌లో వాడొచ్చు. రీపెయింట్ మీద, ప్లాస్టిక్ మీద నేనైతే వాడను. రాపిడికి వచ్చే వేడి మన కంట్రోల్‌లో ఉండదు.

మోడల్ పేరు, కంపెనీ లోగో లాంటి మందపాటి బ్యాడ్జ్ తీయాలంటే దాని వెనక స్పాంజి లాంటి టేప్ ఉంటుంది. వేడి పెట్టి, గాలం దారం లేదా పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం వెనక నుంచి రంపంలా అటూ ఇటూ ఆడిస్తే తెగుతుంది. కాకపోతే కొన్ని లోగోల వెనక బాడీలోకి దిగే పిన్నులుంటాయి. దారం ఎక్కడైనా అడ్డం తగిలితే ఆపేయండి.

ఇప్పుడు గమ్. బండిని నీడలోకి తీసుకురండి, బాడీ చల్లారనివ్వండి. వేడి రేకు మీద ఏ ద్రవం పోసినా గమ్‌లోకి దిగకముందే ఆవిరైపోతుంది. మరకలు కూడా కడుతుంది. ఏం వాడాలి? కార్ల కోసమని రాసి ఉన్న అడ్హెసివ్ రిమూవర్ దొరికితే మంచిది. డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉంటే అదీ పనిచేస్తుంది. ఏమీ లేకపోతే కొబ్బరి నూనె. నవ్వకండి, నెమ్మదిగా అయినా చాలా రకాల గమ్‌ని మెత్తబరుస్తుంది, పెయింట్‌కి ఏమీ కాదు. బాబాయ్ బంపర్ మీద నేను వాడింది అదే. సాయంత్రం పూసి ఉదయం తుడవడం. మూడు రోజులు పట్టింది, బంపర్ రంగు చెక్కుచెదరలేదు.

ఏది వాడినా ముందు కనిపించని చోట, డోర్ లోపలి అంచున, తెల్ల గుడ్డతో కొంచెం రాసి రెండు నిమిషాలు ఆగి చూడండి. గుడ్డకి కారు రంగు అంటిందా, ఆ చోటు మసకబారిందా? అయితే ఆ ద్రవం మీ బండికి కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో ఏ మార్పు అయినా ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూసేవాళ్ళం. శుక్రవారం సాయంత్రం డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లో పెట్టేవాడి శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కారుకి డోర్ లోపలి అంచే టెస్ట్ సర్వర్.

వాడే పద్ధతి కూడా ముఖ్యం. గుడ్డని బాగా తడిపి గమ్ మీద పరిచి ఐదు నిమిషాలు అలా వదిలేయండి. రుద్దొద్దు. నానాక గమ్ ఉండలు కడుతుంది, అప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే వైపుకి తుడవండి. ఒకసారి గమ్ అంటిన గుడ్డ వైపుని మళ్ళీ వాడకండి. పోకపోతే మళ్ళీ నానబెట్టండి. అంతా అయ్యాక సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి ఆ చోట కొంచెం వ్యాక్స్ రాయండి. రిమూవర్ గమ్‌తో పాటు పాత వ్యాక్స్‌ని కూడా తీసేస్తుంది కాబట్టి.

పెట్రోల్‌తో తుడిచేవాళ్ళు చాలా మంది ఉన్నారు. గమ్ పోతుంది, నిజమే. కానీ దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. డ్రయ్యర్, పెట్రోల్ పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. పైగా రీపెయింట్‌కి అది కూడా మంచిది కాదు. రీల్స్‌లో చూపించే టూత్‌పేస్ట్ చిట్కా కూడా వద్దు. పళ్ళ మీద పాచి తీయడానికి అందులో సన్నటి పొడి కలుపుతారు, అదే పెయింట్‌ని మసకబారుస్తుంది. అంట్లు తోమే ఆకుపచ్చ పీచు గురించి అయితే చెప్పక్కర్లేదు. అది గీయడానికే పుట్టింది.

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఒకటి మిగులుతుంది. స్టిక్కర్ పోయింది, గమ్ పోయింది, కానీ దాని ఆకారం నీడలా కనిపిస్తూనే ఉంటుంది. చాలా మంది అది ఇంకా గమ్ అనుకుని ఆ చోటే పట్టుకుని రుద్దుతారు. నిజానికి స్టిక్కర్ కింద ఉన్న పెయింటే బాగున్నది! ఎండ తగలకుండా కాపాడబడింది అదే. మాసిపోయింది చుట్టూ ఉన్నది. కాబట్టి పాలిష్ పెట్టాల్సింది లోపల కాదు, చుట్టూ.

పాలిష్‌తో పోతుందా లేదా అన్నది ముందే చూసుకోవచ్చు. ఆ చోట నీళ్ళు చల్లండి. తడిగా ఉన్నప్పుడు ఆకారం మాయమైతే సాధారణంగా అది పైపైన మసకే, పాలిష్‌కి పోతుంది. తడిసినా స్పష్టంగా కనిపిస్తుంటే కింద రంగే వెలిసిందని అర్థం. ఎర్ర రంగు బండ్లలో ఇది ఎక్కువ. దాన్ని ఎంత రుద్దినా లాభం లేదు. రుద్దే కొద్దీ క్లియర్ కోట్ మాత్రం పలచబడుతుంది. బాబాయ్ బండి తెలుపు కాబట్టి చుట్టూ పసుపు జిడ్డు లాంటి మసకే ఉంది. డోర్ మొత్తం చేత్తో ఒకసారి పాలిష్ పెడితే చాలా వరకు కలిసిపోయింది. చూడ్డానికి వచ్చినాయన గేజ్ పట్టుకునే వచ్చాడు. రెండు డోర్ల మీద నాలుగైదు చోట్ల పెట్టి చూశాడు, 110, 115 దగ్గరే ఆగింది. బంపర్‌కి పెయింట్ పడిందని బాబాయే ముందుగా చెప్పేశారు. డోర్ల మీద బేరం పెట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు.

అద్దాల సంగతి వేగంగా చెప్పేస్తాను. అద్దం మీద సబ్బు నీళ్ళు చల్లి కొత్త బ్లేడుని పడుకోబెట్టి నడిపితే స్టిక్కర్ వచ్చేస్తుంది. కానీ వెనక అద్దం లోపలి వైపు సన్నటి అడ్డగీతలుంటాయి చూడండి, అవి మంచు పొర పోగొట్టే హీటర్ తీగలు. అక్కడ బ్లేడు పెడితే తెగిపోతాయి. ఆ వైపు ఆవిరి, ప్లాస్టిక్ కార్డు, అంతే. ఫాస్టాగ్ అయితే పీకాక మళ్ళీ అంటించి వాడుకునే వీలుండదు, తీస్తేనే పాడయ్యేలా తయారుచేస్తారు. బండి అమ్మేటప్పుడు స్టిక్కర్ పీకి ఊరుకోకుండా, ఇచ్చిన బ్యాంకు దగ్గర ఆ ట్యాగ్‌ని క్లోజ్ చేయించండి. ఒక బండికి ఒకే ట్యాగ్ అనే రూల్ ఉంది కాబట్టి మీది నడుస్తుంటే కొన్నవాళ్ళకి కొత్తది తీసుకోవడం ఇబ్బంది.

చివరిగా దేవుడి స్టిక్కర్లు. గీకి చెత్తబుట్టలో వేయడానికి చాలా ఇళ్ళల్లో మనసొప్పదు. మా పిన్ని కూడా ఒప్పుకోలేదు. వేడి పెట్టి నిదానంగా తీస్తే అది చిరగకుండా ఒకే ముక్కగా రావడానికి అవకాశం ఎక్కువ. బానెట్ మీద నామాలు అలాగే వచ్చాయి. పిన్ని వాటిని ఒక అట్టముక్క మీద అంటించి లోపల పెట్టుకున్నారు, షాపు తెరిచాక గల్లాపెట్టె మీద పెడతారట.